జలగ అన్న మాట

రిటైరు కావడానికి ఆరేళ్ల ముందు, ఒక శ్రావణ మాసంలో, కుప్పం నుంచి పెద్దపంజాణి మండలంలోని ఒక పల్లె పశువుల ఆసుపత్రికి నాకు బదిలీ అయింది. హోదా పశువైద్యాధికారి. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. చేరిన కొత్తలో పశువులను తోలుకొచ్చినవాళ్లు ఆడమనిషినని నన్ను దాటి గదిలోకి తొంగిచూసి, డాక్టరు యాడ అని అడిగేవాళ్లు. నేనేనని చెబితే ఆవుకేసి చూసేవాళ్లు, దానికేమైనా అభ్యంతరం ఉందేమోనన్నట్టు.

రెడ్డెమ్మ మాత్రం అలా అడగలేదు. యాభై దాటిన మనిషి, టమోటా తోటల్లో కూలికి పోయి బతికేది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, చిట్టి అనే పుంగనూరు పొట్టి ఆవు. నా నడుము దాకా వచ్చే ఆవు. దూడగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు తాపి పెంచిందట. ఇప్పుడది నాలుగో నెల చూడి.

దవడ కింద మెత్తటి వాపు, పలచటి పేడ, కంటి రెప్ప తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. పేడ పరీక్ష చేశాను. పేడను నీళ్లలో కలిపి వడగట్టి, అడుగుకు పేరుకున్నదాన్ని ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడతాం. పసుపుపచ్చటి గుడ్లు కనబడ్డాయి. కార్జపు జలగ వ్యాధి. ఆకులా చదునుగా ఉండే పురుగు కార్జంలో, అంటే కాలేయంలో, చేరి, లోపలి నుంచే పశువును పీల్చి పిప్పి చేస్తుంది. మా పాఠాల్లోనూ కరపత్రాల్లోనూ దాని పేరు అదే.

చూడి ఆవుకు పనికొచ్చే మందు బరువును బట్టి కొలిచి తాపించాను. బయట ఇంకా పది పశువులున్నాయి. కార్జంలో జలగలున్నాయని, అవి నీళ్ల దగ్గర నుంచే వస్తాయని, జలగలున్న నీళ్ల దరికి ఆవును పోనివ్వద్దని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె రెండు చేతులూ జోడించి వెళ్లిపోయింది.

మూడు నెలలకు మళ్లీ వచ్చింది. చిట్టి ఎముకల గూడులా ఉంది. వాపు ఇంకా పెద్దదైంది, పేడలో గుడ్లూ ఎక్కువయ్యాయి. ఏడో నెల చూడి. ఈ స్థితిలో దూడ నిలవదు, తల్లి బతకడమూ అనుమానమే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెరువులో వదిలావు కదా అని అడిగాను. లేదమ్మా అంది. అబద్ధాలు చెబితే మందు పని చెయ్యదు, నీ ఆవును నువ్వే చంపుకుంటున్నావు అన్నాను, అందరి ముందూ. ఆమె మందు తాపించుకుని, ఆవు మెడ మీద చెయ్యి వేసి నడిపించుకుంటూ పోయింది. కాలు జారితే తీసుకోగలం గాని మాట జారితే తీసుకోలేమని నాకు తెలియనిది కాదు.

ఆ వారంలోనే గాలికుంటు టీకాలకు వాళ్ల ఊరు వెళ్లాం. చెరువు కట్ట వెనక, ఊట నీళ్లు చేరి పచ్చగా గడ్డి పెరిగిన పల్లం ఒకటుంది. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి రెడ్డెమ్మ ఆ నీళ్లలో కదలకుండా నిలబడి ఉంది. ఆవు గట్టు మీద కట్టేసి ఉంది. కాసేపటికి ఆమె ఒడ్డెక్కి, తన రెండు కాళ్లనూ ముందూ వెనకా తడిమి చూసుకుని, అప్పుడు ఆవును విప్పి గడ్డిలోకి వదిలింది.

దగ్గరికి పోయి ఏం చేస్తున్నావని అడిగాను.

"జలగలుండే నీళ్లకు తోలొద్దని మీరే సెప్తిరి గదమ్మా. చెరువులో ఉండాయి. ఈడ ఒక్కటీ లేదు. అయినా దినామూ ముందు నేను దిగి సూస్తాండాను. నా కాళ్లకు పట్టకుంటే దానికీ పట్టదు గదా."

కాళ్లకు పట్టుకుని నెత్తురు తాగే జలగ ఆమెకు తెలుసు. కార్జపు జలగ నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా ఆ ఒక్క మాటే ఉంది.

వంగి ఒక గడ్డి దుబ్బు పీకాను. దాని మొదలు దగ్గర చిటికెన వేలి గోరంత నత్తలు అంటుకుని ఉన్నాయి, పలచటి గుల్లవి. లోతు లేని తేట నీళ్లే వీటికి ఇష్టం. పేడతో పడిన గుడ్డు నీళ్లలో పగిలి, ఆ పిల్ల నత్తలో దూరి, అక్కడ ఒకటి వందలై బయటికొచ్చి, గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి మేస్తే రోగం. చెరువులో జలగలకు భయపడి ఆమె వెతికి వెతికి పట్టుకున్నది సరిగ్గా నత్తలున్న చోటే. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది.

"ఇది నత్త గదమ్మా, కరవదు," అంది ఆమె.

ఆమె పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లున్నాయి. నత్తల నుంచి వచ్చే ఇంకో రకం పురుగు మనిషి చర్మానికి తగిలినా అలాంటివి వస్తాయి. ఆ కాళ్లను చూశాక నాకు చాలా సిగ్గేసింది. అక్కడే గట్టు మీద కూర్చుని, తప్పు నాదని చెప్పాను. నత్త సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె అంతా విని, "నేనే దాన్ని ఈడికి తోలుకొస్తినే," అని ఆవు గంగడోలు నిమురుతూ ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రోజు నుంచి చిట్టికి మెరక చేలలో కోసిన గడ్డి, తొట్టిలో బోరు నీళ్లు. వారానికోసారి నేను పోయి చూసొచ్చేదాన్ని. నెలలు నిండాక ఈనింది. దూడ కుందేలంత ఉంది, లేచి నిలబడడానికి సగం పూట పట్టింది. తల్లీ బిడ్డా నిలిచారు. జున్ను పాలు దూడకే చాలవని, మీకు తేలేకపోయానని రెడ్డెమ్మ నొచ్చుకుంటే, నాకొద్దులే అన్నాను.

ఆ తరవాత సర్వీసులో నేను కార్జపు జలగ అన్న మాట రైతుల దగ్గర వాడలేదు. బల్ల మీద గాజు సీసాలో నత్తగుల్లలు పెట్టుకుని చూపించేదాన్ని. చెప్పాల్సింది చెప్పాక, ఇంటికి పోయి ఏం చేస్తావో నాకు చెప్పు అని వాళ్ల చేతే చెప్పించేదాన్ని. సగం మంది నేను అనని మాటే చెప్పేవాళ్లు.

మందు పని చెయ్యకపోతే రైతును అనుమానించే ముందు నా మాటను అనుమానించాలని ఆ పల్లెలో నేర్చుకున్నాను. నా ఉద్యోగంలో నేను చెప్పింది విన్నది విన్నట్టు, ఒక్క రోజూ తప్పకుండా, తన కాళ్లు పెట్టి మరీ చేసిన రైతు ఒక్కరే. అబద్ధాలు చెబుతున్నావని నేను అన్నది ఆమెనే.