కార్డులో వదిన కళ్ళు

ఆ కార్డు మీద కళ్ళు నేనే దిద్దానని మా ఇంట్లో అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. చుక్కల ముగ్గు వేస్తేనే వంకర పోయే చెయ్యి నాది. ఆవగింజంత కనుపాప నేనెలా దిద్దుతాను? నిన్న బీరువా సర్దుతుంటే ఆ కార్డు దాచిన స్టీలు డబ్బా చేతికి తగిలింది. మూత తీయలేదు.

వదిన చనిపోయిన ఏడాది ఆమె కూతురు, నా మేనకోడలు, నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివింది. మంత్రగాళ్ళూ రాక్షసులూ ఉండే కార్డులాట ఒకటి దానికి పిచ్చి. తక్కినవాళ్ళు తమ కట్టలో పదిమంది యోధుల్ని పెట్టుకుంటే, ఇది ఒకే ఒక్క వీరనారిని పెట్టి మిగతా కట్టంతా డాళ్ళూ, మూలికలూ, ఆమెను త్వరగా చేతికి రప్పించే కార్డులతో నింపింది. గుంపును చంపే కార్డులు ఎదుటివాళ్ళ చేతిలో దండగైపోతాయట; ఒక్కరికే గురిపెట్టే దెబ్బ కోసం మాత్రం ఓ డాలు ఎప్పుడూ దాచుకోవాలట. రమ్మీలో జోకరు దాచుకునే వంశం మాది, నాకు అర్థం కాక కాదు. అయినా ఊరుకుంటానా?

“ఆ ఒక్కతీ పోతే నీ గతేందే? ఇంకో నలుగుర్ని పెట్టుకో.”

“నలుగురుంటే ఒకరు పోయినా ఆట సాగుద్దత్తా. నాకట్టా సాగటం వద్దు.”

 

ఆ వీరనారి అసలు కార్డు కొందామంటే ఎక్కడా దొరకలేదు. దుర్గి నుంచి వచ్చి మా పక్కింట్లో ఉంటున్న శిల్పి బాబాయి, వదిన ఫోటో చూసి అట్టముక్క మీద ఆ వీరనారిని గీసిచ్చాడు, కళ్ళు మాత్రం ఖాళీగా వదిలేసి. పేకముక్కకైనా విగ్రహం మర్యాదే ఆయన లెక్కలో. “గెలిచి నిలబడ్డనాడు కళ్ళు తెరవాలమ్మా. మొదటి చూపు మనిషి మీద పడకూడదు, ఎదురుగా అద్దం పెట్టాలి,” అన్నాడు. నేను నవ్వాను. పిల్ల నవ్వలేదు. తొలి ఆట గెలిచిన రోజున అమ్మ కళ్ళు తానే దిద్దుతానంది. తెల్లటి గుంటలతో ఆ ముఖం ఎన్ని ఆటలు ఓడిందో.

చివరికి ఓ మధ్యాహ్నం కాలేజీలో గెలిచి, పరుగున వచ్చి, డబ్బా నా చేతిలో పెట్టి అద్దం కోసం లోపలికెళ్ళింది. ఆత్రం కొద్దీ మూత తీశాను. కళ్ళున్నాయి. వేలితో తాకితే తడి కూడా లేదు. ఫోటోలో వదిన సూటిగా చూస్తుంది. కార్డులో మాత్రం, బతికున్నప్పుడు ఎవరైనా పిలిస్తే తిరిగినట్టే, కాస్త పక్కకి.

“మా అమ్మ కళ్ళు తెరవటానికి నువ్వెవరత్తా?” అంది పిల్ల, అద్దం పట్టుకుని గుమ్మంలో నిలబడి. ఆ వారమే హాస్టలుకి మారిపోయింది. కట్ట మళ్ళీ ముట్టలేదు, నాతో మాటా కలపలేదు. బాబాయి మాత్రం చూసి, “నా చెయ్యి కాదమ్మా. నీదీ కాదు,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిస్తే ఏదైనా అరిగిపోతుందంటారు; ఆ కళ్ళ నలుపు అరిగిందో లేదో చూసే ధైర్యం నాకింకా రాలేదు. ఆ మధ్యాహ్నం మూత తీసినప్పుడు ఎదురుగా ఉన్నది నేనే, కానీ వదిన నన్ను చూడటం లేదు. మరి ఆ మొదటి చూపు ఎవరి మీద పడింది?