తిప్పని బిళ్ళ

ఆవిడకి డైరెక్టరు కుర్చీ ఇచ్చిన మొదటి వారంలోనే తోటలో అందరికీ అర్థమైపోయింది, ఆ కుర్చీ ఎప్పటికీ కొత్తగానే ఉంటుందని. ఫైలు ముందు కూర్చుంటుంది, సంతకం పూర్తి కాకుండానే లేచి కిటికీ దగ్గరికి వెళ్తుంది. తోట కమిటీ అధ్యక్షుడితో ఫోనులో మాట్లాడుతూనే మెట్లు దిగిపోతుంది. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి కదా, గాజుఇంట్లో మొక్కలకి నీళ్ళు పోసే పనిలో చేరిన రోజుల్లోనే ‘బలపం’ అని పేరు పెట్టారు. ఇప్పుడు హోదా పెరిగింది కనుక ‘బలపం మేడమ్’ అయింది, అదీ చాటుగా.

బొటానికల్ గార్డెన్‌కి పెద్ద అంటే పొద్దస్తమానం చెట్ల మధ్యే ఉంటారని బయటివాళ్ళు అనుకుంటారు. ఆవిడ పొద్దు ఎలా గడిచేదో వింటే నవ్వొస్తుంది. మరుగుదొడ్ల పంపు ఆగిపోయింది. స్కూలు బస్సొకటి గేటు స్తంభాన్ని గీసుకుంటూ పోయింది. విత్తనాల గదికి కొత్త ఫ్రిజ్ కొనాలా, దారుల మీద కంకర పోయించాలా, ఈ ఏటికి ఏదో ఒకటే. ఎవరో పెద్దమనిషి మనవరాలి పుట్టినరోజు ఫొటోలకి తామరకొలనులో దిగుతానంటాడు. వద్దంటే, “నేనెవరో తెలుసా?” అంటాడు. “తెలీదండీ, కానీ లోతెంతో తెలుసు” అని పంపేసింది.

“ఇకనుంచి మొక్కని ముట్టుకోకుండా తోట నడపాలమ్మా, అదే నీ పని” అని పాత డైరెక్టరు వెళ్ళిపోయే రోజు చెప్పాడు. ఆవిడ తలూపింది. తలూపడానికేం, చేతులు వినొద్దూ?

గాజుఇల్లు నిదానానికి అప్పగించింది. నిదానం అంటే ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. పిలిస్తే పలకడానికే కాస్త వ్యవధి తీసుకుంటాడు కనుక ఆ పేరు. చిన్నప్పటి తమ్ముడిలా “అక్కా, అక్కా” అంటూ వెనకాల తిరిగినవాడు, ఆవిడ మెట్లెక్కి పై గదికి పోగానే “మేడమ్” అనడం మొదలుపెట్టాడు. అది ఆవిడకి చెప్పులో రాయిలా ఉండేది.

గాజుఇంట్లో చివరిది ఎడారి గది. అక్కడి మొక్కలకి నీళ్ళు తక్కువైతే ముడుచుకుంటాయి, ఎక్కువైతే చచ్చిపోతాయి. తొట్లు బరువైన రాతివి, ఎత్తి చూడలేరు. పైన గులకరాళ్ళు పరిచి ఉంటాయి, వేలు దిగదు. ఆ రాళ్ళు కాసేపటికే ఆరిపోతాయి, అడుగున తడి ఉందో లేదో పైకి తెలియదు. అందుకని ఆవిడే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి తొట్లోనూ మొక్క పేరు చెక్కిన రేకుబిళ్ళ ఉంటుంది కదా, నీళ్ళు పోసినవాళ్ళు దాన్ని వెనక్కి తిప్పాలి, ఆరే గడువు దాటాక మళ్ళీ ముందుకి. పేరు కనిపిస్తే పొయ్యొచ్చు, కనిపించకపోతే ముట్టుకోకూడదు. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఇన్నేళ్ళూ బిళ్ళ మాటే మాట.

డైరెక్టరయ్యాక కూడా ఆవిడ గేట్లు తెరవకముందే వచ్చి ఎడారి గదిలోకి వెళ్ళేది, ఊరికే చూసొద్దామని. ఒకరోజు ఆ మూల ఉన్న పొట్టి మొక్కలు బాగా ముడుచుకుపోయినట్టు కనిపించాయి. అవి మామూలు మొక్కలు కావు. అవి పుట్టిన కొండని క్వారీవాళ్ళు ఎప్పుడో పిండి చేసేశారు. విత్తనాలు వేసి మొలిపించింది ఆవిడే. నిదానం ఇంకా ఆగుదామనుకున్నాడు కాబోలు, బిళ్ళల మీద పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. ‘వీడి నిదానం మండ’ అనుకుని తలా ఒక మగ్గు పోసింది. బిళ్ళ తిప్పబోయి ఆగింది. తిప్పితే వాడు చూస్తాడు. నా మీద నమ్మకం లేదా అనుకుంటాడు. పాపం, వాడి మనసెందుకు కష్టపెట్టడం?

అలా ఒకసారి కాదు. చెయ్యి ఊరుకోలేదు. ఆవిడ పోసిన తొట్లకే, పేరు కనిపిస్తోంది కదా అని, నిదానం తన వంతు వచ్చినప్పుడు మళ్ళీ పోస్తూ వచ్చాడు.

చలి ముదిరేసరికి పొట్టి మొక్కల మొదళ్ళు మెత్తబడ్డాయి. ఒకటి పక్కకి ఒరిగింది. మర్నాటికి దాని పక్కది. మిగిలింది ఒక్కటి. ఆ మొదటిది ఒరిగిన పొద్దునే ఆవిడకి తను చేసిన పని అర్థమైంది. మగ్గు ముట్టుకోవడం మానేసింది. నోరు మాత్రం విప్పలేదు.

కమిటీ అధ్యక్షుడు ఫోను చేశాడు. “వేరే దేశాలవాళ్ళు వీటి విత్తనం కోసం మనల్ని అడుక్కుంటున్నారు. మనవాడేమో ముంచి చంపాడు! ఇన్‌చార్జిని మార్చండి. శుక్రవారం వచ్చి చూస్తాం.”

ఫోను పెట్టేసరికి గుమ్మంలో నిదానం ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నన్ను తీసెయ్యండి. తోటపనిలో ఎక్కడైనా వెయ్యండి, గడ్డి కోసుకుంటాను.”

“ఏమైంది ఇప్పుడు?”

“తొట్టి తవ్వి చూశాను. అడుగంతా బురద. అంటే పోసిందాని మీద పోశాను. పోసి, బిళ్ళ తిప్పడం మరిచిపోయాను.” గోళ్ళలో మట్టి గోక్కున్నాడు. “మా నాన్నకీ ఇలాగే మొదలైందక్కా. స్టవ్ మీద పాలు పెట్టి వెళ్ళిపోయేవాడు. చివరికి నన్నే ఎవరని అడిగాడు. రేపు ఆయన్ని చూసిన డాక్టరు దగ్గరికే వెళ్తున్నాను. ఇంట్లో చెప్పలేదు.”

చాలా రోజులకి విన్న ఆ ‘అక్కా’కి ఆవిడ కుర్చీలోంచి లేచింది. చెప్పాలని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పంపు బాగుచేసేవాడు తలుపు కొట్టి, “నీళ్ళు బంద్ చెయ్యమంటారా మేడమ్?” అన్నాడు. నిదానం తప్పుకుని దారిచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆవిడ తోటంతా తిరిగింది. వెదురు పొదల దాకా వెళ్ళి, ఎందుకొచ్చిందో తెలియక వెనక్కొచ్చింది. ఇంటికెళ్ళాక కూడా వంటగదికీ హాలుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే భర్త చూసి చూసి తల ఎత్తాడు. ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. బల్ల మీద పై వరస అరగదీస్తూ ఉన్నాడు.

“నేల అరుగుతోందే బాబూ. ఏంటి సంగతి?”

చెప్పింది. అంతా.

ఆయన పళ్ళ వరస కింద పెట్టాడు. “అంటే, నేను కట్టిన పళ్ళు నువ్వు రోజూ చాటుగా పెట్టుకుని నమిలి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టేశావు, అరిగితే తప్పు నాదే అనుకున్నానన్నమాట.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“నాకు లేదు. అతను పిచ్చెక్కుతోందనుకుంటున్నాడు. నువ్విక్కడ తిరుగుతున్నావు.”

“చెప్తే నా మొహం చూస్తాడా? కమిటీవాళ్ళు నన్ను ఉండనిస్తారా?”

“ఏమో,” అన్నాడాయన. “ఆ డాక్టరు దగ్గరికి ఎన్నింటికట?”

మర్నాడు ఆవిడ వెళ్ళేసరికి క్లినిక్ వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. నిదానం గోడవారగా, టోకెన్ బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడని చూసి లేవబోయాడు.

“కూర్చో. నీకేం రోగం లేదు. ఆ నీళ్ళు పోసింది నేను.”

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది, ఈసారి మెల్లగా, ఏ మొక్కకి, ఎలా, బిళ్ళ ఎందుకు తిప్పలేదో కూడా. పక్కన కూర్చున్న ముసలావిడ చెవి ఇటు పడేసి వింటోంది.

నిదానం టోకెన్ బిళ్ళని జేబులో వేసుకున్నాడు. “నిన్న మీ గదికి వచ్చినప్పుడు మీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే ఊరుకున్నారు.”

“చెప్పబోయాను, ఆ పంపువాడు...”

“పంపువాడు లేనప్పుడో? ఆ మొక్క పడినప్పటినుంచి నాకు నిద్ర లేదు. రోజూ మా అమ్మాయి క్లాసు టీచరు పేరు గుర్తుందో లేదో చూసుకుంటున్నాను. గుర్తొచ్చినా నమ్మకం లేదు.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆవిడకి తేలికయ్యేది. “నా మనసు కష్టపెట్టకూడదని తిప్పలేదా? భలేదానివక్కా... భలేవారు మేడమ్.”

“అమ్మాయ్, కాళ్ళు పట్టుకో” అంది ముసలావిడ ఊరుకోలేక.

“ఆ కాళ్ళు ఒకచోట ఉంటే చాలమ్మా” అన్నాడు నిదానం, మేడమ్ వైపు చూడకుండా.

నర్సు నంబరు పిలిచింది. అతను లేచాడు.

“ఇంకెందుకు? ఇంటికి పద” అందావిడ.

“మీరు చెప్పారు కదా అని నా తల బాగుందని నేనెలా అనుకోను? వచ్చాను, చూపించుకునే వెళ్తాను.”

లోపల ఏం అడిగారో, ఎంతసేపు అడిగారో, ఆవిడ మాత్రం బెంచీ మీద చేతులు తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చుంది. అతను బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, “అడిగినవన్నీ చెప్పాను, నెలల పేర్లు వెనకనుంచి కూడా” అన్నాడు. ఆ తర్వాత, “శుక్రవారం వాళ్ళకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే.”

శుక్రవారం ఎడారి గదిలో, ఖాళీ తొట్ల ముందు నిలబడి ఆవిడ కమిటీవాళ్ళకి అంతా చెప్పింది. అధ్యక్షుడి మొహం కందగడ్డయింది. “డైరెక్టరే ఇలా చేస్తే మేమెవర్ని తీసెయ్యాలి?” అన్నాడు. ఈ సంగతి వచ్చే సమావేశంలో తేలుస్తామన్నారు. ఈలోగా గాజుఇల్లు ఎవరు చూస్తారని నిదానాన్ని అడిగారు.

అతను అలవాటు ప్రకారం ఆలోచించాడు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.

“నేనే చూస్తాను. ఒకటే మాట. నేను లేకుండా డైరెక్టరుగారు ఈ గదిలోకి రాకూడదు.”

“సరే” అందావిడ, అధ్యక్షుడికంటే ముందు.

సమావేశం ఇంకా జరగలేదు. ఆవిడ పై గదిలో కంకర లెక్కల మీద సంతకాలు పెడుతోంది, లేస్తోంది, కూర్చుంటోంది. రోజుకోసారి ఎడారి గది గుమ్మం బయట నిలబడి పిలుస్తుంది. నిదానం తీరిగ్గా వస్తాడు.

“మిగిలినదాని సంగతేంటి? గట్టిగా ఉందా?”

“తెలీదు.”

“వేరు చూశావా?”

“చూడను. కదిపితే పోతుంది.”

“మరెప్పుడు తెలుస్తుంది?”

“చలి పోవాలి. కొత్త ముల్లు వేస్తే బతికినట్టు, లేదంటే లేదు.”

“ఒక్కసారి లోపలికొచ్చి చూడనా? నువ్వున్నావుగా.”

నిదానం గుమ్మానికి అడ్డంగా నిలబడి, చేతులు తుడుచుకుంటూ ఆలోచిస్తాడు. “ఇవాళ వద్దు మేడమ్” అంటాడు.