ముక్కు పందెం

ఆ గిన్నెల కంపెనీ వాళ్ళు మాకు నేర్పిన మొదటి నియమం, మూత తియ్యకూడదని. దళసరి స్టీలు గిన్నె, చుక్క నీళ్ళు పొయ్యకుండా కూర మగ్గాలి. మధ్యలో మూత తీశామంటే డెమో తుస్సుమన్నట్టే. ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌కి ఇంకా మెట్రో రాని రోజులవి. సెక్టార్లనే ఆ కాలనీల్లో ఎవరో ఒకావిడ తన హాల్లోకి పదిమందిని పిలిస్తే, వాళ్ళ ముందు వండి చూపించి గిన్నెలు అమ్మడం నా పని.

చేరిన ఆర్నెల్లకి నాకు వాసన పోయింది. చలికాలంలో జ్వరమూ జలుబూ వచ్చాయి, తగ్గాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ, అగరుబత్తి, చెత్తబుట్ట, నాకన్నీ ఒకటే. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువు చదవాలా అని ఒళ్ళు మండిపోయింది. "అయితే నీకిక ముక్కు మీద కోపం ఒక్కటే మిగిలిందన్నమాట" అని మా ఆయన నవ్వారు. ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

చెప్తే ఉద్యోగం ఉంటుందా? మూసిన గిన్నెలో కూర ఎంతవరకు వచ్చిందో వాసన బట్టే కదా తెలిసేది. పోనీ గడియారం చూసి దించుదామా అంటే ఒక్కో ఇంట్లో మంట ఒక్కో రకం. ఆ పని పోతే నాకు మళ్ళీ నాలుగు గోడలే. పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఎనిమిదేళ్ళ పాటు కూరల బండి దగ్గర "భయ్యా, కైసే దియా" అని ధర అడగడం తప్ప బయట నోరు విప్పింది లేదు. ఈ పనిలో పడ్డాకే పదిమంది నా వంక తిరిగి కూచుని నా మాట విన్నారు, నేను జోకేస్తే నవ్వారు. ఆ రుచి మరిగాను. ఎందుకు అబద్ధం చెప్పాలి?

వాసన పోయాక చేసిన మొదటి డెమోలో దొండకాయలు బొగ్గులు చేసి పెట్టాను. జలుబు చేసిందని చెప్పి బయటపడ్డాను. రెండోసారికి ఒక ఉపాయం పన్నాను. మూత పెట్టగానే అందరి వంకా చూసి, "ఇప్పుడు మీ ముక్కులకి పరీక్ష. కూర అయిందనిపించగానే దించండి అని అరవాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకి కొలత చెంచాల సెట్టు" అన్నాను.

అబ్బో, ఏం గోల! అంతవరకూ ఆవలిస్తూ సీరియళ్ళ కబుర్లు చెప్పుకుంటున్న పంజాబీ ఆంటీలు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఒకావిడ అయిందంటే ఇంకొకావిడ "అభీ కహాఁ, కచ్చా హై" అంటూ, ఇంకా పచ్చిగానే ఉందని దెబ్బలాట. "ఈవిడ మాట నిజమేనా?" అని నేను మిగతావాళ్ళని అడిగి ఇంకాస్త ఎగదోసేదాన్ని. పంచాయితీ సద్దుమణిగి అందరూ ఒక్కమాట మీదకి వచ్చాక మంట ఆపేదాన్ని. ఒక్క కూర మాడితే ఒట్టు. ఎవరి డెమో పార్టీకి వెళ్ళినా ముక్కు పందెం ఆడించమనేవాళ్ళు. మా సూపర్‌వైజర్ మేడమ్ నన్ను నిలబెట్టి మిగతా అమ్మాయిలందరికీ ఆ ఆట నేర్పించింది. వాళ్ళకది సరదా. నాకు మాత్రం మూత పెట్టిన ప్రతిసారీ గుండె పీచుపీచుమనేది.

అలా రెండేళ్ళు గడిచాయి. జనవరిలో ఒక తెలుగు నర్సు తన క్వార్టర్స్‌లో పార్టీ పెట్టింది. కాకినాడ వైపు పిల్ల. వచ్చినవాళ్ళంతా ఆమెతో డ్యూటీ చేసేవాళ్ళు, చర్చికి వచ్చేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళకే అందరికీ ఆంటీనయ్యానని నేను సణుగుతుంటే నవ్వులే నవ్వులు. చలికి తలుపులూ కిటికీలూ బిగించారు. వంటింట్లో అంతమంది పట్టరని, నెత్తిన బర్నర్ ఉండే చిన్న సిలిండరు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. నేను దాన్ని నావైపు జరుపుకుని, దాని మీదకే వంగి దొండకాయలు తరుగుతూ కబుర్లు చెప్తున్నాను. జరిపినప్పుడు నా చెయ్యి తగిలి నాబ్ తిరిగిందని నాకు తెలియదు.

తరగడం అయింది. లైటర్ చేతిలోకి తీసుకున్నాను.

"వాసనొస్తోంది!" అంది ముందు వరసలో లావుపాటి నర్సు. అంతకుముందు ఇంకో ఇంట్లో చెంచాలు గెలిచిన పిల్లే.

"ఆగవమ్మా తల్లీ, ఇంకా గిన్నే పెట్టలేదు, అప్పుడే బహుమతా?" అన్నాను. అందరూ నవ్వారు.

"అది కాదు ఆంటీ, గ్యాస్!"

ఇంటావిడ ఒక్క ఉరుకున వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. నాబ్ కట్టేసి సిలిండరు బాల్కనీలో పెట్టింది. ఎవరో తలుపులు తీశారు, ఎవరో స్విచ్చులు ముట్టుకోవద్దని అరిచారు. లైటర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఆంటీ, మీరు దాని మీదే వంగి ఉన్నారు కదా. మీకు రాలేదా?" అంది లావుపాటి నర్సు.

జలుబు అనే మాట నోటిదాకా వచ్చింది. జనవరి నెల, ఎవరైనా నమ్ముతారు. లోపలి గదిలో పిల్లలు క్యారమ్స్ దగ్గర కొట్టుకుంటున్నారు.

"నాకు వాసన రాదమ్మా. రెండేళ్ళయింది," అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఎలా వండారు?"

"మీ ముక్కులతోనే."

చర్చి నుంచి వచ్చిన పెద్దావిడ లేచి నిలబడింది. "పసిపిల్లలున్న కొంపలో నిప్పు ముట్టించే మనిషివి, ముందు చెప్పొద్దూ? బుద్ధుందా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అరగంట పోయాక ఇంటావిడ వంటింట్లో తన పొయ్యి తనే వెలిగించి, నన్ను లోపలికి పిలిచింది. "వచ్చినవాళ్ళు తినకుండా పోతారా? మీరు చెప్పండి, నేను చేస్తా" అంది. మూత పెట్టాక ఎవరూ అరవలేదు. లావుపాటి నర్సు నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. "పచ్చి వాసన పోయింది... ఇప్పుడు అంచులు వేగుతున్నాయి... ఇదిగో, వెల్లుల్లి వచ్చింది. ఇక దించండి." దించాను. బాగుందన్నారు. నాకు ఉప్పూ కారం తప్ప ఏమీ తెలియలేదు.

మర్నాడు సూపర్‌వైజర్ మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ కంగారు పడలేదు సరికదా, "అచ్ఛా, తో క్యా హువా? అయితే ఏమైంది? పొయ్యి వెలిగించే పని కూడా గెస్టులకే ఇచ్చెయ్, ఇంకా సరదాగా ఉంటుంది. ఇక మీద మాత్రం ఎవరికీ చెప్పకు" అంది. దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం సరే అనబోయాను. అంత ఇష్టం నాకా పనంటే. కానీ లైటర్ పట్టుకున్న నా చెయ్యి గుర్తొచ్చింది.

"నావల్ల కాదు మేడమ్," అని గిన్నెలన్నీ ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఆట మాత్రం మావాళ్ళు ఆడిస్తారు మరి," అంది.

"ఆడించుకోండి. ముక్కు పనిచేసేవాళ్ళని పంపండి చాలు!" అని విసురుగా వచ్చేశాను. మెట్లు దిగేదాకా ఆ కోపమే నన్ను నిలబెట్టింది. ఆటోలో కూచున్నాక ఏడుపు ఆగలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అలవాటుగా చీర కట్టుకుని, జడ వేసుకుని తయారయ్యాను. వెళ్ళడానికి ఎవరి ఇల్లూ లేదు.