పడవ బాబాయి

మా బాబాయి తన జన్మలో ఒక్క కోటనైనా లోపలినుంచి చూశాడా? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా నాకు తేలలేదు. ఆ సముద్రతీరం వెంబడి ఉన్న పాత కట్టడాలన్నిటికీ మమ్మల్ని తీసుకెళ్ళింది ఆయనే. తీసుకెళ్ళిన చోటల్లా ఇంకా గుమ్మం దాటకముందే "పదండి, పదండి, పడవ వెళ్ళిపోతుంది!" అని కంగారుపెట్టిందీ ఆయనే. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో మామూలు మనిషి.

పడవ ఎక్కాల్సిన చోట అంటే సరే. కొండ మీద ఆదిమకాలపు నిలువురాళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడూ అదే పాట.

"బాబాయ్, మనం వచ్చింది బస్సులో."

"బస్సు మాత్రం ఆగుతుందేమిటి? పడవకి లేని చక్రాలు కూడా దీనికున్నాయి."

వేల ఏళ్ళుగా కదలకుండా నిలబడ్డ రాళ్ళవి. వాటి చుట్టూ మేం తిరిగిన వేగానికి వాటికే కళ్ళు తిరిగి ఉంటాయి.

బాబాయి తపాలా ఆఫీసులో సంచులు కట్టే చోట పనిచేసి రిటైరయ్యాడు. సంచి మూతికి లక్క ముద్ర పడిందంటే, తర్వాత వచ్చింది రాజుగారి ఉత్తరమైనా మర్నాటిదాకా పడి ఉండాల్సిందేనట. ఆ అలవాటు ఆఫీసులో వదిలి రాలేదు. ఒక పెళ్ళికి పెళ్ళికొడుకు కంటే ముందే చేరుకుని, తర్వాత వచ్చిన పెళ్ళికొడుకుని "తమరు ఎవరి తరఫు?" అని అడిగిన ఘనుడు.

తీరం మీది రాజమహలు దగ్గర కాపలాదారు ఆయన్ని బతిమాలాడు. "లోపల అద్దాల గది ఉంది సార్, ఒక్కసారి చూసి వెళ్ళండి."

"అద్దంలో కనపడేది నా మొహమేగా? ఇంట్లో చూసుకుంటాను."

మమ్మల్ని లోపలికి తోసి, తను మాత్రం చరచరా రేవు వైపు వెళ్ళిపోయాడు.

ఇలాంటి మనిషికి దేవుడు మా పిన్నిని కట్టబెట్టాడు. ఆవిడ మోకాళ్ళు రెండూ తోడికోడళ్ళు. ఒకదాని మాట ఒకటి వినదు. ఆవిడకి ఒకే ఒక్క కోరిక. తీరానికి ఎదురుగా చిన్న ద్వీపం ఉంది, దాని మీద కోట, కోట పైన గది, ఆ గదికి మూడు వైపులా సముద్రం కనపడే కిటికీ. పిన్ని గుండీలు దాచుకునే బిస్కెట్ల డబ్బా మూత మీద ఆ కిటికీ బొమ్మ ఉండేది. రెండుసార్లు వెళ్ళి, సగం మెట్లలో మోకాళ్ళు మొరాయిస్తే దిగి వచ్చేసింది. ఈలోగా డాక్టరు వచ్చే నెల మోకాలికి ఆపరేషన్ అన్నాడు. ఆ తర్వాత మెట్ల పేరెత్తవద్దన్నాడు.

"అలాగే, వచ్చే నెల నుంచి ఎత్తను" అని, ఆ వారమే మమ్మల్ని బయల్దేరదీసింది పిన్ని.

నేనప్పటికి ఉద్యోగస్తుణ్ణి, చెయ్యి పట్టుకుని ఎక్కించే పని నాకు పడింది. బాబాయి యథాప్రకారం రేవులోనే ఆగిపోయాడు. మేం కూర్చుంటూ, లేస్తూ సగం మెట్లకి చేరేసరికి పొద్దు వాలుతోంది.

"ఏరా, పడవ ఉందా?" అంది పిన్ని, మోకాలు నొక్కుకుంటూ.

"ఉంది. జనం ఎక్కేస్తున్నారు. అదే ఆఖరిది."

"నేను పైకే పోతాను. వెళ్ళి మీ బాబాయికి చెప్పు. పడవ పోతే పోనీ, ఈ రాత్రికి కోటలో రాణిలా పడుకుంటాను."

"ఒక్కదానివే ఎలా ఎక్కుతావు పిన్నీ?"

"కిటికీ నా కోసం కిందికి దిగి వస్తుందా? వెళ్ళరా!"

పరుగున దిగాను. బాబాయి ఒక కాలు రేవు మెట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా పడవవాడు, ఏడుపు మొహంతో.

"ఈ తాడు ఎప్పటిది?"

"మొన్ననే మార్చాను పెద్దాయనా."

"ముడి చూడు, ఎంత వదులుగా ఉందో. విప్పి మళ్ళీ కట్టు."

విప్పి కట్టాడు.

"ఈ ట్యూబులు తేలతాయా? ఒకటి నీళ్ళలో వేసి చూపించు."

వేశాడు. తేలింది.

"ఒకటి తేలితే అన్నీ తేలినట్టేనా?"

"ముందు ఆ పెద్దాయన్ని వేసి చూడవయ్యా, తేలతాడేమో!" అని పడవలోంచి ఎవరో అరిచారు.

పడవవాడు నా వైపు తిరిగాడు. "మీ మనిషేనా బాబూ? వచ్చిన ప్రతిసారీ ఇదే వరస! ఒకసారి తెడ్డు పొట్టిదన్నాడు. ఇంకోసారి నా చూపు సరిగ్గా ఉందో లేదో చూస్తానని వేళ్ళు చూపించి లెక్కపెట్టమన్నాడు. మెట్ల మీద ఆ పెద్దమ్మ కనపడగానే 'అన్నీ బాగున్నాయి, పోనీ' అంటాడు."

పిన్ని ఎంత ఆలస్యంగా దిగినా పడవ రేవులోనే ఉండటం మా అదృష్టం అనుకునేవాళ్ళం. ఆ అదృష్టం పడవవాడితో ఇంత లక్షణంగా పోట్లాడుతుందని ఎవరికి తెలుసు?

"పిన్ని పైకే వెళ్తోంది బాబాయ్. ఇప్పట్లో దిగదు" అన్నాను మెల్లిగా.

"ఎక్కుతోందా?"

"ఎక్కుతోంది."

"మోకాళ్ళో?"

"ప్రస్తుతానికి రాజీ పడ్డాయి."

పడవవాడు చేతులు జోడించాడు. "ఇక నావల్ల కాదు. వీళ్ళని దింపి ఇంటికి పోవాలి. మళ్ళీ రాను."

బాబాయి ఒడ్డు మీది కాలు తీసి పడవలో పెట్టాడు. ఇంజను పక్కన పలక మీద కుదురుగా కూర్చున్నాడు.

"సరే, పద."

"హమ్మయ్య!"

"అవతలి ఒడ్డున నేను దిగను. నన్ను దింపాలంటే మళ్ళీ ఇక్కడికే తెచ్చి దింపాలి."

"ఇదెక్కడి న్యాయమండీ! సరే, మళ్ళీ వస్తాను. ఒట్టు. దిగండి."

"నీ ఒట్టు తేలుతుందో లేదో నాకెలా తెలుసు? పద."

పడవ కదిలింది. పిన్ని జాగ్రత్త అనో, ఇప్పుడే వస్తాననో అంటాడని చూశాను. కనీసం చెయ్యైనా ఊపలేదు. తలెత్తితే కోట పైన కిటికీలో పిన్ని! రెండు చేతులూ బారచాపి ఊపుతోంది.

"బాబాయ్! పైకి చూడు!" అని కేకేశాను. ఇంజను మోతలో వినపడిందో లేదో మరి. ఆయన పడవవాడి చెవి దగ్గరికి వంగి, నూనె ఎప్పుడు మార్చావని నిలదీస్తూ వెళ్ళిపోయాడు.