ముందు సీటు బావది

మా బావ ఇంటికి వస్తే అమ్మ కుర్చీ తుడిచి వేస్తుంది. ఫ్యాను ఆయన వైపే తిరుగుతుంది. కూర గిన్నె ముందు ఆయన కంచం దగ్గరే ఆగుతుంది. అక్క పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మర్యాదలో రవ్వంత తగ్గలేదు. అలాంటి అల్లుడు, కృష్ణా నది వెనకజలాల్లో మూడు రోజుల పడవ ప్రయాణం, రాత్రిళ్లు అడవి అంచున టెంట్లో పడక అని తనకూ అక్కకూ బుక్ చేశాడు. అక్కను ఒక్క మాట అడగలేదు. నీళ్లంటే భయపడే అక్క రానంది. అల్లుడి మాట పడిపోతుందని అమ్మకు ఒకటే బెంగ. మా ఇంట్లో అల్లుణ్ణి ఉత్త చేతులతో పంపే అలవాటు లేదు కాబట్టి ఈసారి నన్ను పంపింది.

అప్పటికి అక్క యాప్రాల్‌లోని వాళ్లింటి నుంచి వచ్చి సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో మా దగ్గర ఉండబట్టి రెండు నెలలు దాటింది. నా గది ఆమెకు పోయింది, నేను హాల్లో దివాన్ మీద పడ్డాను. నిజం చెప్పాలంటే నా కోపమంతా అక్క మీదే. కొట్టాడా అంటే లేదంటుంది. తాగుతాడా అంటే లేదంటుంది. మరేం తక్లీఫ్, ఏం కష్టం అంటే, "ఆ ఇంట్ల నేను ఉన్నట్టే ఉండదు" అంటుంది. పంచాయితీకి పెద్దవాళ్లు కూర్చున్న రోజు ఆమె ఈ మాట అంటే మా మేనమామ పగలబడి నవ్వాడు. "గిది సుత ఒక తక్లీఫేనా బిడ్డా?" అన్నాడు. ఆయనతో పాటు నేనూ నవ్వాను.

బయల్దేరే పొద్దున అక్క మెట్ల దాకా వచ్చింది.

"ఆయనతోని మూడు రోజులు ఉండి రా తమ్మీ. వచ్చి నువ్వు పొమ్మంటే పోత. ఇగ ఎవ్వరిని అడుగ" అంది.

ఆ మాటకు నాకు లోపల్లోపల సంతోషమే వేసింది. పొమ్మనే చెబుదామనుకున్నాను. ఈ పంచాయితీ తెగుతుంది, నా గది నాకొస్తుంది.

కింద బావ కారు డిక్కీ తెరిచి, నా బ్యాగు జిప్పు లాగి, అందులోని దుప్పటి, స్వెట్టరు, అమ్మ పొద్దున్నే లేచి చేసిన గారెల డబ్బా తీసి ప్రహరీ గోడ మీద పెట్టాడు. "గివేం అక్కర లేవు" అన్నాడు. నాతో కూడా కాదు, బ్యాగుతో. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం "అల్లునికి తెలుస్తది తియ్" అని డబ్బా అందుకుని లోపలికి వెళ్లింది. బావకు ఎదురు చెప్పనని రాత్రే నా చేత ఒట్టు వేయించుకుంది. నోరు మూసుకుని కారెక్కాను.

ఒడ్డున పడవలిచ్చే ఆయన సన్నటి కెనూ ఒకటి చూపించి, ఎలా నడపాలో చెప్పాడు. వెనక కూర్చున్నవాళ్లే పడవను తిప్పాలట, ముందున్నవాళ్లు ఊరికే తెడ్డు వేస్తే చాలట. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి బావ టోపీ సర్దుకుని ముందు సీట్లో కూర్చునే ఉన్నాడు. అనుభవం ఉన్నవాళ్లు వెనక కూర్చుంటే మంచిదని పడవలాయన నసిగాడు. "పెద్దోళ్లు ముంగటనే కూసుంటరు" అని బావ తేల్చేశాడు. కారులోనైనా పెళ్లి పందిట్లోనైనా మా అల్లుళ్లకు తెలిసిన లెక్క అదొక్కటే. నేను వెనక కూర్చుని, ఆయన వీపు చూస్తూ, ఆయన ఎటు అంటే అటు తిప్పాను.

నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. రెండు వైపులా కొండలు, మనిషి అలికిడి లేదు. చూసి సంతోషించాల్సిన చోటే. కానీ "ఎడమ. ఎడమ అన్న కద" అంటూ వెనక్కి తిరగకుండా ఆర్డర్లు వేసే వీపు ఎదురుగా ఉంటే కొండలేం కనిపిస్తాయి? తడుస్తుందని నా ఫోను కూడా తన సంచిలో వేసుకున్నాడు. ఫోటో తీసుకుంటానంటే సంచి తెరవనే లేదు.

మధ్యాహ్నం దాటింది.

"బావా, ఆకలైతుంది."

"నీకు గిప్పుడే ఆకలి గాదు."

సాయంత్రం ఒడ్డున టెంటు వేసుకున్నాక చలి మొదలైంది.

"బావా, చలి పెడుతుంది."

"చలి లేదు."

కోపంగా అంటే పోట్లాడేవాణ్ణి. కోపం లేదు. అన్నం బాగా వండాడు, నాకే ముందు వడ్డించాడు. చెడ్డవాడు కాడు. అదే నన్ను మరింత మండించింది. తిట్టడానికి పట్టు దొరకని మనిషిని ఏమని తిట్టాలి? లేదన్న చలికి పళ్లు కొట్టుకుంటుంటే ఆయన పక్కనే ముడుచుకుని పడుకున్నాను.

రెండో రోజు నడి నీళ్లలో సీసా మూత తీయబోతూ నా నోటి నుంచి వచ్చిన మాట నేనే విన్నాను. "బావా, నీళ్లు తాగనా?" ఆఫీసులో నలుగురిని పరుగులు పెట్టించేవాణ్ణి. గుక్కెడు నీళ్లకు పర్మిషన్ అడుగుతున్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను మాట్లాడలేదు. నేను మాట్లాడడం లేదన్న సంగతి ఆయనకు తెలియనే లేదు. అక్క చెప్పిన తక్లీఫ్ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

చివరి రోజు పొద్దున్నే గాలి లేచింది. ఒడ్డు వెంబడి పోదామన్నాను. బావ అవతలి ఒడ్డుకు చెయ్యి చూపించాడు. కొంత దూరం పోయామో లేదో అలలు లేచి పడవలోకి నీళ్లు కొట్టాయి. నా మోకాళ్ల దాకా తడిసింది.

"బావా, నాకు భయమైతుంది."

పెద్దయ్యాక ఆ మాట నేను ఎవరి ముందూ అనలేదు.

"నీకేం భయం లేదు. నడుపు" అన్నాడు.

తెడ్డును వెనక నీళ్లలోకి లోతుగా దించి, బలం కొద్దీ పట్టి, మేం వచ్చిన ఒడ్డు వైపు తిప్పాను. ఆయన ముందు ఎంత తోసినా పడవ తిరుగుతూనే ఉంది.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? ఎవడు తిప్పమన్నడు నిన్ను?"

"నేనే తిప్పుతున్న."

మూడు రోజుల్లో మొదటిసారి మెడ తిప్పి నా మొహం చూశాడు. తర్వాత ముందుకు తిరిగి, "మీ అక్క సుత గిట్లనే. చెప్తే ఇనదు" అన్నాడు. నా తెడ్డుకూ ఆయన వీపుకూ మధ్య ఎంత దూరం ఉందో చూసుకుని, నన్ను నేను ఆపుకున్నాను. ఒడ్డు చేరాం.

కారులో సికింద్రాబాద్ వచ్చేశాం. ఇంటి దగ్గర అమ్మ నీళ్లు పట్టుకుని ఎదురొచ్చింది. కుర్చీ పడింది, ఫ్యాను తిరిగింది. నేను తడి బ్యాగుతో నేరుగా వంటింట్లోకి వెళ్లాను. అక్క పొయ్యి దగ్గర ఉంది. హాల్లోంచి బావ గొంతు వినిపించింది.

"అత్తమ్మా, ఆమె ఇయ్యాల నాతోని వస్తది. బట్టలు సర్దుకోమనుండ్రి."

అక్క నా వైపు తిరిగింది.

"చెప్పు తమ్మీ. పొమ్మంటవా?"

దారి పొడుగునా చాలా అనుకుంటూ వచ్చాను. బయటికి వచ్చింది ఒక్కటే.

"ఇన్నేండ్లు ఎట్ల ఉన్నవ్ అక్కా?" అన్నాను.

రెండు నెలల్లో మా ఎవరి ముందూ ఏడవని అక్క, గ్యాస్ కట్టేసి, అక్కడే కింద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి అక్క లేచి, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని తనే హాల్లోకి వెళ్లింది.

"నేను వస్తలేను" అని చెప్పింది.