ఆరు హండీలు, ఒక్క నొక్కు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఏం చెప్పినా జనం నమ్మేవారు. తెర మీద నాలుగు ఇంగ్లిష్ వరుసలు కదిలితే చాలు, వాడికి పెద్దా చిన్నా అందరూ కాస్త దూరంగా నిలబడి మాట్లాడేవారు. ఆ మర్యాద నాకు ఇరవై నాలుగో ఏటనే దొరికింది. దాన్ని నేను ఎంత తెలివితక్కువగా వాడుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదువుతుంటే నవ్వొస్తే నవ్వండి, కాని నా మీద నవ్వండి. ఇరవై ఏళ్లుగా ఆ నవ్వు వేరే మనిషి మీద నడుస్తోంది.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతం. అబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక ఒక పాత కాంప్లెక్స్, అందులో మూడో అంతస్తు మా కంపెనీ. కంపెనీ అంటే తొమ్మిది మంది మనుషులు, ఏడు కంప్యూటర్లు (మిగతా ఇద్దరూ, ఎవరో ఒకరు టీకి లేచినప్పుడు గబుక్కున కూర్చుని పనిచేసేవారు). మా సార్ అంతకు ముందు అవే గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి గాని, తప్పు చేసినవాళ్లను అందరి ముందూ నిలబెట్టి అడిగే అలవాటు మాత్రం పోలేదు. మేమంతా వెబ్‌సైట్ల కన్నా ఆ నిలబడటానికే ఎక్కువ భయపడేవాళ్లం.

నాంపల్లి స్టేషన్ దగ్గర బిర్యానీ హోటల్ నడిపే ఒక సేఠ్, ఆఫీసుల పార్టీలకు ఆర్డర్‌కో పెద్ద హండీ చొప్పున బిర్యానీ పంపేవాడు. ఆర్డర్లు ఇంటర్నెట్‌లో తీసుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది, ఆ పేజీ రాసే పని నాకొచ్చింది. పేజీ కదలకుండా, తెర తెల్లబడకుండా, నొక్కగానే వెనకాల పని జరిగిపోవడం అప్పుడే ఫ్యాషన్ అవుతోంది. నేను సేఠ్ పేజీని సరిగ్గా అలాగే చేస్తానని సార్‌కు మాటిచ్చాను. చూడటానికి ఏముంది, చికెనా మటనా వెజ్జా అని ఎంచుకునే ఒక పెట్టె, కింద ఒక ఆర్డర్ బటన్. కాని బటన్ అనేది దానంతటది ఏమీ చెయ్యదు. ఎవరైనా దాన్ని నొక్కితే ఈ పని చెయ్యి అని దాని దగ్గర ఒక కాపలావాణ్ణి, అంటే ఒక కోడ్ ముక్కను, పెట్టాలి. వాడు వెళ్లి హోటల్‌కు ఆర్డర్ అందించి, అక్కణ్ణుంచి జవాబు వచ్చాక మరొకణ్ణి నిద్రలేపాలి. ఆ రెండోవాడు లేచి తెర మీద 'మీ ఆర్డర్ అందింది' అని రాయాలి. మొదటివాడు పోతే రెండోవాడు లేవడు, రెండోవాడు లేస్తే మొదటివాడు పోయి ఉండడు. వాళ్లిద్దరితో మూడు వారాలు వేగి, నేను కాచిగూడలో కిరాయి గదికి వెళ్లాక కూడా నాలో నేను గొణుక్కునే స్థితికి వచ్చాను.

నేను రాసినదాన్ని పరీక్షించే పని మెదక్ మేడంది. మెదక్ నుంచి వచ్చింది కాబట్టి మెదక్ మేడం, మనిషి నాకన్నా రెండేళ్లు చిన్నదే. వాళ్ల నాన్న అక్కడ మిషన్ బడిలో టీచరు. మూడు నెలల్లో ఉద్యోగం ఖాయం కాకపోతే తిరిగి వచ్చి ఆ బడిలోనే చేరతానని ఇంట్లో మాటిచ్చి, నాంపల్లిలో లేడీస్ హాస్టల్‌లో ఉంటూ వచ్చింది. సార్ ఖాయం చేస్తూ లెటర్ ఇస్తే హైదరాబాదు, ఇవ్వకపోతే మెదక్. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, నాకు మరీ బాగా తెలుసు. ఆమె కంప్యూటర్ నేర్చుకున్న చోట మొదటి పాఠంగా ప్రతిదాన్నీ రెండుసార్లు టకటకా నొక్కమని నేర్పారట (అప్పట్లో అందరికీ అలాగే నేర్పేవారు, బ్యాంకుల్లో పెద్ద ఆఫీసర్లు కూడా వెబ్‌పేజీల్ని డబుల్ క్లిక్ చేసేవారు). మొదటి వారం ఆమె అలా నొక్కడం చూసి నేనే 'డబుల్ క్లిక్ మేడం' అని పేరు పెట్టాను. రెండో వారానికి ఆమె ఆ అలవాటు మానుకుంది. మేము పేరు మానలేదు.

ఒకరోజు ఆమె వచ్చి, ఒక ఆర్డర్ ఇస్తే హోటల్ లిస్టులో మూడు పడుతున్నాయని చెప్పింది. నేను నా సీట్లోంచి లేవకుండా మటన్ ఎంచి, బటన్ నొక్కి, లిస్టు చూపించాను. ఒకటే పడింది. నువ్వు నొక్కే పద్ధతిలో ఉంది లోపం అన్నాను. ఆమె ఊరుకోలేదు.

"గట్ల సక్కగ నొక్కేటోళ్లు ఎవరుంటరన్నా? మా ఇంట్ల అయితే చికెన్ అంటరు, మటన్ అంటరు, మళ్ల చికెన్ అంటరు. నేను గట్లనే చేసి చూసిన."

నాకు విసుగు పుట్టింది. మూడు వారాల చాకిరీ తర్వాత ఆమె ఇంట్లో ఎవరేం తింటారో వినే ఓపిక లేదు. బుక్కులో రాసి పెట్టు, చూస్తానన్నాను. తప్పులు రాసే రిజిస్టర్‌ను మేము బుక్కు అనేవాళ్లం. ఆమె రాసింది. నేను చూడలేదు.

ప్రారంభం గురువారం పెట్టుకున్నారు. సార్ ఆ రోజు మొత్తం ఆఫీసుకు బిర్యానీ ఇప్పిస్తాననీ, మొదటి ఆర్డర్ మా పేజీ నుంచే వెళ్లాలనీ అన్నారు. సేఠ్‌కు ఫోన్ చేసి, కంప్యూటర్‌లో ఏది వస్తే అది ఖాయం, మళ్లీ అడగొద్దు, అదే దీని గొప్పతనం అని గట్టిగా చెప్పారు. మెదక్ మేడం లెటర్ కూడా ఆ రోజే ఇస్తారని తెలిసిపోయింది, సార్ టేబుల్ మీద కవరు కనబడుతూనే ఉంది. అందరం చుట్టూ నిలబడ్డాం. సార్ మౌస్ పట్టుకుని మటన్ ఎంచారు. గురువారం నీసు ముట్టని మా అకౌంటెంట్ గారు గుర్తొచ్చి వెజ్‌కు మార్చారు. కుర్రాళ్ల ముఖాలు చూసి చికెన్ చేశారు. సేఠ్ హోటల్‌కు మటనే పేరు కదా అని మళ్లీ మటన్ చేశారు. వెనక అకౌంటెంట్ గారు దగ్గారు, మళ్లీ వెజ్. 'నేను ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్నాను, నా గురించి ఆలోచించకండి' అని అకౌంటెంట్ గారు అనేదాకా ఆగి, చివరికి మటన్ దగ్గర స్థిరపడ్డారు. అప్పుడు మౌస్ వదిలి, మంచి చెయ్యి అని మెదక్ మేడంను పిలిచి నొక్కమన్నారు. ఆమె కొంగు సర్దుకుని, వేలు ఒక్కసారి ఆనించి తీసింది. 'మీ ఆర్డర్ అందింది' అని వచ్చింది. చప్పట్లు కొట్టాం.

గంటన్నర తర్వాత హోటల్ మనుషులు హండీ పట్టుకుని మెట్లెక్కారు. వెనక మరో హండీ. ఆ తర్వాత మరొకటి. కింద ఇంకా మూడున్నాయి, ఎక్కడ పెట్టాలె అని అడిగారు. ఒక్కొక్కటి పదిహేను మందికి సరిపోయేది, మేము తొమ్మిది మందిమి, అందులో ఒకరికి డబ్బా ఉంది. సార్ సేఠ్‌కు ఫోన్ చేస్తే, ఆరని చెప్పింది మీ కంప్యూటరే, అడగొద్దన్నది మీరే అన్నాడాయన. సార్ ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. టైపు ఇన్‌స్టిట్యూట్ చూపు అది. హండీల మధ్య, అంతమంది ముందు నిలబడటం తలచుకున్నాను. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"సార్, మేడం మళ్లీ టకటకా నొక్కేశారు."

అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఒక్కసారే నొక్కిన సార్. డబుల్ క్లిక్ అంటే రెండు రావాలె గదా, ఆరెట్ల వచ్చినయ్?" అని అడిగింది.

సరైన ప్రశ్న. ఆ గదిలో అంతకన్నా సరైన మాట ఎవరూ అనలేదు. దానికి నేను చెప్పిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఈవెంట్ బబ్లింగ్ అన్నాను, క్యూ అన్నాను, నెట్ స్లోగా ఉన్నప్పుడు క్లిక్‌లు మల్టిప్లై అవుతాయన్నాను. నాకే అర్థం కాని నాలుగు వాక్యాలు ఆగకుండా చెప్పాను. సార్ గంభీరంగా తల ఊపారు. కవరు సొరుగులోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి బుక్కు తెరిచాను. ఆమె గుండ్రటి అక్షరాలతో 'ఐటెం ఎన్నిసార్లు మారిస్తే అన్ని ఆర్డర్లు పడుతున్నాయి' అని రాసి ఉంది. కూర్చుని చూస్తే అంతే. ఐటెం మార్చిన ప్రతిసారీ నేను బటన్ దగ్గర కొత్త కాపలావాణ్ణి పెడుతున్నాను గాని పాతవాణ్ణి పంపెయ్యడం లేదు. సార్ ఆరుసార్లు ఎంచారు, ఆరుగురు నిలబడ్డారు, ఆమె ఒక్కసారి నొక్కగానే ఆరుగురూ నాంపల్లికి పరిగెత్తారు. ఆరు జవాబులూ వచ్చి తెర మీద ఒకే చోట ఒకే వాక్యం రాశాయి, అందుకే మాకు ఒక్కటే కనబడింది. నేనేమో పరీక్షించిన ప్రతిసారీ మనసులో తడబాటు లేని మనిషిలా మటన్ ఎంచి నొక్కేవాణ్ణి. ఒక్క వరుస రాస్తే సరిపోయింది. రాశాను. బుక్కులో ఆమె రాసిన వాక్యం పక్కన 'సరిచేయబడింది' అని కూడా రాశాను. ఎవరు, ఏ తప్పు అన్నది రాయలేదు. సోమవారం చెబుదామనుకున్నాను, సార్ చిరాకుగా ఉన్నారు. బుధవారం సేఠ్ వచ్చాడు. ఆ నెలాఖరున ఆమె అందరికీ నమస్తే చెప్పి మెదక్ బస్సెక్కింది. నేను ఆమె బ్యాగు కిందిదాకా మోశాను కూడా. ఎంత మంచివాడో అని పైన ఎవరో అన్నారట.

పోయిన ఏడాది ఒక ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తుంటే ఆమె కనబడింది. ఆ మిషన్ బడిలోనే కంప్యూటర్ టీచరట, పిల్లల కోసం పుస్తకాలు ఏరుతోంది. నేను అక్కడే ఎండలో నిలబడి, కాపలావాళ్లతో సహా అంతా చెప్పాను. ఆమె విని, చేతిలో పుస్తకం అట్ట తుడుచుకుంటూ అంది:

"గది నాకు తెల్సన్నా, బుక్కుల రాసిందే నేను. నాకు చెప్తే ఏమొస్తది? నవ్వినోళ్లకు చెప్పున్రి."

ముందుగా సార్ ఇంటికి వెళ్లాను. గన్‌ఫౌండ్రీలో ఉంటున్నారు, మోకాళ్ల నొప్పులు తప్ప ఆరోగ్యం బాగానే ఉంది. హండీలు అనగానే నవ్వి, గా డబుల్ క్లిక్ పిల్ల ఎట్లున్నదయ్యా అని అడిగారు. ఆమె తప్పేమీ లేదు, తప్పు నాది అని చెప్పాను. పేపరు అంచు మీద బొమ్మ గీసి ఆరుగురినీ చూపించాను. ఆయన ఓపిగ్గా విని, బొమ్మను పక్కన పెట్టి, నా భుజం తట్టారు.

"నువ్వు మొదటిసంది గంతేనయ్యా. పాపం, ఆ పిల్ల చేసింది నీ మీదేసుకుంటున్నవ్. నేను కండ్లార చూసిన, టకటక ఆరుసార్లు నొక్కింది."

కాదు సార్ అన్నాను. ఇంకా గట్టిగా కాదన్నాను. నేను కాదన్న కొద్దీ ఆయన కళ్లలో నా మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. చివరికి లోపలినుంచి భార్యను పిలిచి, ఈ రోజుల్లో ఇట్లాంటి మనుషులు ఎక్కడున్నారు చూడు అని నన్ను చూపించారు. ఆవిడ నాకు రెండో టీ ఇచ్చారు. అందుకే ఇది అచ్చులో రాస్తున్నాను, ఆ రోజు హండీల చుట్టూ నవ్విన మిగతావాళ్లయినా చదువుతారని. ఆ టీ తాగి మెట్లు దిగుతుంటే మాత్రం ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి తలచుకుని నాకే నవ్వొచ్చింది. జన్మలో నేను రాసిన ఏ ప్రోగ్రామూ వాడు చెప్పిన ఆ ఒక్క అబద్ధంలా, ఇన్నేళ్లు, ఒక్కసారి కూడా ఆగకుండా పనిచేయలేదు.