బియ్యం డబ్బాలోని ఆఖరి ఫ్లాపీ

2003 ఫిబ్రవరి. గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద మా కంప్యూటర్ సర్వీస్ షాపు. ఆ పనిలో నాకప్పటికి ఆరేళ్ళు. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వింతగా చూసే రోజులు కావడంతో, ఎవరైనా నోరు తెరిచే లోపే పని పూర్తి చేసి చూపించాలన్న దూకుడు నాకు అలవాటైపోయింది. ఆ దూకుడుతోనే ఒకరోజు ఏడుగురు పిల్లల పదో తరగతి పరీక్ష మీదికి తెచ్చాను.

చిలకలూరిపేట రోడ్డులో, టౌను దాటాక కొంత దూరంలో, చర్చి వాళ్ళు నడిపే అంధుల స్కూలు ఉండేది. హాస్టలూ అక్కడే. గోడకి అవతల మిరపకాయల కల్లం. ఆ రోజుల్లో కాయలు ఆరబోసి ఉంటాయి కాబట్టి స్కూలు గేటు దగ్గరే తుమ్ములు మొదలయ్యేవి. స్కూల్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. దానికి బ్రెయిలీ ప్రింటర్ తగిలించి ఉండేది. ఈ ప్రింటర్‌కి సిరా ఉండదు. మందపాటి కాగితం మీద చుక్కలు పొడుస్తూ పోతుంది, ఆ చుక్కల్ని పిల్లలు వేళ్ళతో చదువుకుంటారు.

హెడ్మాస్టర్ జాన్ ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "అమ్మా రమణీ, దాతలు విండోస్ ఎక్స్‌పీ సీడీ పంపించారు. సోమవారం వాళ్ళే చూడ్డానికి వస్తున్నారు. మన పాత విండోస్ 98 తీసేసి అది వేసిపెట్టాలమ్మా."

కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నీ దేన్ని ఆసరా చేసుకుని నడుస్తాయో ఆ ఆపరేటింగ్ సిస్టమే విండోస్; 98 పాతది, ఎక్స్‌పీ కొత్తది. ఆ ఏడు ప్రతి ఆఫీసులోనూ 98 తీసి ఎక్స్‌పీ వేయడమే నా పని. ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా ఫోన్లోనే సరేనన్నాను.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. పాఠాల ఫైళ్ళన్నీ ముందుగా సీడీలోకి తీసుకున్నాను. అంతవరకూ బుద్ధిగానే చేశాను. ఎక్స్‌పీ వేస్తుంటే మధ్యలో, ఇది కొత్తదాంట్లో పనిచేయకపోవచ్చు అంటూ ఒక ప్రోగ్రాం పేరు చూపించింది. ఏదో పాత చెత్త అనుకుని నెక్స్ట్ కొట్టాను. తర్వాత, హార్డ్ డిస్క్‌ని ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చమంటావా అని అడిగింది. ఫైళ్ళు సర్దుకునే కొత్త పద్ధతి అది. పాత పద్ధతిలోనే ఉంచితే, నచ్చనప్పుడు మళ్ళీ 98కి వెనక్కి రావచ్చు. మార్చామంటే ఆ దారి మూసుకుపోతుంది. పూర్తిగా చదవకుండానే మార్చమని నొక్కేశాను.

పన్నెండింటికి పనైపోయింది. క్లాసు ముగించుకుని దేవదానం మాస్టారు వచ్చారు. యాభై దాటిన మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతికి ఇంగ్లీషు చెప్పేవారు. కుర్చీ వెతుక్కుని కూర్చుని, కంప్యూటర్ ఆన్ చేసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుచూశారు. ఎక్స్‌పీ మొదలయ్యే సంగీతం వినిపించింది. ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

"ఇది మాట్లాడటం లేదమ్మా" అన్నారు చివరికి.

"స్పీకర్ వైరు ఊడిందేమో సార్, చూస్తానుండండి."

"పాట వినపడింది కదా. స్పీకర్ బాగానే ఉంది. లోపల మాట్లాడే మనిషి లేడు."

అప్పుడు తెలిసింది నాకు. నేను చెత్త అనుకున్నది స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. దాని గొంతు వింటూ మాస్టారు ఇంగ్లీషు పాఠాలు తనే టైపు చేసి, ప్రింటర్‌కి పంపేవారు. నేను పెట్టిన ఎక్స్‌పీలో ఆ పాత ప్రోగ్రాం నడవదు.

"పోనీలెండి, మళ్ళీ 98 వేసి ఆ ప్రోగ్రాం ఎక్కిస్తాను" అన్నాను.

"అంత తేలిక కాదమ్మా. దాని తాళం ఒక ఫ్లాపీలో ఉంటుంది. కంప్యూటర్‌లో ఎక్కించిన ప్రతిసారీ అందులో ఒక అనుమతి తగ్గుతుంది. తీసేసే ముందు ఆ అనుమతిని ఫ్లాపీలోకి తిరిగి పంపాలి. నువ్వు పంపావా?"

పంపలేదని ఒప్పుకున్నాను.

"మొత్తం మూడొచ్చాయి. ఒకటి పాత హార్డ్ డిస్క్ చెడిపోయినప్పుడు పోయింది. ఒకటి ఇవాళ పొద్దున నీ చేతిలో పోయింది. ఇంకొకటుంది."

కోపంగా అని ఉంటే బాగుండేది. లెక్క అప్పజెప్పినట్టు చెప్పారు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

హెడ్మాస్టర్ గారు వచ్చారు. సోమవారం వచ్చే దాతల మీదే ఉంది ఆయన ధ్యాస. "కొత్తది కదా మాస్టారూ, రెండ్రోజులు అలవాటు పడితే అదే వస్తుంది."

"అలవాటు పడ్డానికి అది నాకేదో ఒకటి చెప్పాలి కదండీ."

"పోనీ మన గుమాస్తా చేత టైపు చేయిద్దాం."

"గుమాస్తాకి బ్రెయిలీ రాదండీ, చుక్కల్లో తప్పు పడితే పోల్చుకోలేడు. పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి, ఇంకా నాలుగు పాఠాలు ప్రింటవ్వాలి. పోయినేడు మన పిల్లలు తప్పింది ఇంగ్లీషులోనే. నేను చదువుతుంటే వినడం వేరు, రాత్రి పక్క మీద కూర్చుని ఎవరి పాఠం వాళ్ళు చేత్తో చదువుకోవడం వేరు."

ఎక్స్‌పీలో నడిచే కొత్త స్క్రీన్ రీడర్ కోసం హైదరాబాద్‌కి ఫోన్ చేశాను. విదేశం నుంచి తెప్పించాలి, రెండు నెలలు పడుతుందన్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. డిస్క్ మొత్తం చెరిపేసి 98 వేసి, ఆ ఆఖరి అనుమతి వాడటం. నాలుగేళ్ళ నాటి ఫ్లాపీ సరిగ్గా చదవకపోతే మాస్టారికి ఆ గొంతు ఇక లేనట్టే. అసలు ముట్టుకోకుండా ఉంచితే, కనీసం ఇంకో చోట ఎక్కడైనా మంచి మిషన్ మీద ప్రయత్నించవచ్చన్న ఆశైనా ఉంటుంది.

"తప్పు నాదండీ" అన్నాను హెడ్మాస్టర్ గారితో. "మీరు చెప్పింది విన్నాను గానీ, దీని ముందు కూర్చునేదెవరో అడగలేదు. ఎక్స్‌పీ ఉంచాలా తీయాలా అన్నది మాస్టారే చెప్పాలి."

హెడ్మాస్టర్ గారికి నా మాట రుచించలేదు. అయినా "సరే, మాస్టారూ, మీరే చెప్పండి" అన్నారు.

"98కే పోదామండీ" అన్నారు దేవదానం మాస్టారు. లేచి, తన గదిలోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూత తీస్తే నిండా బియ్యం. చెమ్మ తగిలితే ఫ్లాపీకి బూజు పడుతుందని బియ్యంలో దాచారట.

డిస్క్ చెరిపి 98 ఎక్కించేసరికి రెండు దాటింది. ఇక ఫ్లాపీ ఇవ్వండి అని చెయ్యి చాపాను. ఆయన డబ్బా మూత పెట్టేశారు.

"ఆ ఫ్లాపీ డ్రైవుని నేను నమ్మనమ్మా. ముందు పనికిరాని ఫ్లాపీ ఏదైనా పెట్టి చూడు."

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నాకు పని నేర్పుతారా అనుకున్నాను. విసురుగా నా సంచీలోంచి ఒక ఫ్లాపీ తీసి దూర్చాను. లోపల గరగరమంది. బయటికి లాగి రేకు పక్కకి జరిపి చూస్తే, నల్లటి బిళ్ళ మీద చుట్టూ గీత పడి ఉంది. డ్రైవు ఊడదీశాను. లోపలంతా ఎర్రటి దుమ్ము, కల్లంలోంచి ఏళ్ళ తరబడి వచ్చి చేరిన మిరప దుమ్ము. కళ్ళు మండి నీళ్ళు కారాయి. మాస్టారు మూత పెట్టకపోయి ఉంటే ఆ గీత ఆఖరి అనుమతి ఉన్న ఫ్లాపీ మీద పడేది.

స్కూటీ మీద షాపుకెళ్ళి కొత్త డ్రైవు తెచ్చి బిగించాను. ఈసారి ఆయన చెప్పకుండానే మూడు పాత ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాను. మూడూ చదివింది, మూడింట్లోనూ రాసింది.

అప్పుడు మాస్టారు బియ్యంలోంచి ఫ్లాపీ తీసి, పంచె అంచుతో తుడిచి ఇచ్చారు. "తెర మీద ఏం వస్తే అది పైకి చదువు. నేను ఊఁ అన్నాకే నొక్కు" అన్నారు.

చదివాను. ఒక్కో వరుసా పూర్తిగా చదివి, ఆయన ఊఁ అనేదాకా ఆగి నొక్కాను. పొద్దున నెక్స్ట్, నెక్స్ట్ అంటూ కొట్టుకుపోయిన దాన్ని, ఇప్పుడు చిన్న పిల్లలా అక్షరం అక్షరం చదువుతున్నాను. "మిగిలిన అనుమతులు ఒకటి. వాడమంటారా?" అని చదివి ఆగాను.

ఆయన వెంటనే ఊఁ అనలేదు. హెడ్మాస్టర్ గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఊఁ" అన్నారు.

డ్రైవు దీపం వెలిగింది. చాలాసేపు వెలుగుతూనే ఉంది. అది ఆరాక అంకె సున్నా అయింది. ఆ తర్వాత స్పీకర్లోంచి, ముక్కుతో మాట్లాడే ఒక మగ గొంతు ఇంగ్లీషులో పలకరించింది. మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, మిరప దుమ్మని చెప్పాను. అరగంటలో బ్రెయిలీ ప్రింటర్ టకటకమంటూ మొదలైంది. మొదటి కాగితాన్ని ఆయన వేళ్ళతో తడిమి చూసి, రెండోదానికోసం చెయ్యి చాపారు.

ఆ ఏడు ఏడుగురూ ఇంగ్లీషులో గట్టెక్కారు. ఆ మాట ఫోన్ చేసి చెప్పింది మాస్టారే. కొత్తది వేయడం గొప్ప, పాతది ఉంచడం చాతకానితనం అనుకునేదాన్ని నేను. ఆ రోజు తర్వాత ఏ ఆఫీసుకెళ్ళినా, పిలిచినవాళ్ళతో మాట్లాడాక, ఆ కుర్చీలో రోజూ కూర్చునేదెవరో కనుక్కుని, వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని చూశాకే సంచీ విప్పుతున్నాను.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు, ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్‌కి అంటించాను. టేపు చింపిన చప్పుడు విని మాస్టారు ఇటు తిరిగారు.

"ఏం అంటించావమ్మా?"

"దీన్ని ముట్టుకునే ముందు దేవదానం మాస్టారిని అడగాలి అని రాశానండీ."

"నేను చదవలేను కదమ్మా దాన్ని."

"మీకు కాదు మాస్టారూ" అన్నాను. "కళ్ళున్న మాకు."